గాజుల సిద్దమ్మ ఉంగరం వేలు

లాల్‌గడి మలక్‌పేటలో ఏ ఇంట గాజుల చప్పుడు వినబడినా అవి సిద్దమ్మ వేసినవే అయి ఉండాలి. పెళ్లిపిల్లకైనా, కడుపుతో ఉన్న కోడలికైనా, బడికి పోయే చిన్నపిల్లకైనా గాజులంటే ఆమే రావాలి. తాళ్లకు గుచ్చిన గాజుల మలారం భుజాన వేసుకొని, ఒకనాడు శామీర్‌పేట, ఒకనాడు మేడ్చల్, మరొకనాడు గుండ్లపోచంపల్లి కొత్త కాలనీలు తిరిగి, పొద్దుగూకే వేళకు ఇల్లు చేరేది. పొద్దున బయలుదేరే ముందు ఎల్లమ్మ పటానికి దండం పెట్టుకొని, "తల్లీ, ఒక్క గాజు సుత చిట్లొద్దు" అని అడిగేది. అంతకు మించి ఆమె ఆ తల్లిని ఏనాడూ పెద్దగా ఏమీ అడగలేదు.

గాజు తొడగడం చూసేవాళ్లకు సులువు. ఎడమచేత్తో ఎదుటి మనిషి చెయ్యి పట్టుకోవాలి. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు గాజును ముందుకు నెట్టాలి. అదే సమయానికి కుడిచేతి ఉంగరం వేలు కిందినుంచి వచ్చి, ఎదుటి చేతి బొటనవేలి మొదట్లో పొడుచుకొచ్చే ఎముకను మెల్లగా లోపలికి అదమాలి. నెట్టేవి ఆ రెండు వేళ్లే అయినా దారి చేసేది మాత్రం ఈ ఒక్క వేలే. అది అదిమితే గాజు జారుతుంది, లేకపోతే చిట్లుతుంది.

ఈ పని సిద్దమ్మకు అత్త ఈరమ్మ నేర్పింది. తొంభై ఒకటిలో సిద్దమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి మలారం ఈరమ్మ భుజానే ఉండేది. మామ పోయిన తర్వాత ఈరమ్మ దాన్ని మళ్లీ ముట్టలేదు. "బోడి సేతులదాన్ని, నేనేస్తే ఎవ్వలు ఏసుకుంటరు బిడ్డా?" అని మలారం తెచ్చి కోడలి ముందు పెట్టింది. ఊళ్లో ఎవరూ ఆమెను మానుకోమని అనలేదు. మానుకోవద్దనీ అనలేదు. సిద్దమ్మ మగడు గౌరయ్య గుండ్లపోచంపల్లిలో ఒక గోదాము దగ్గర కాపలా పని చేసేవాడు. అయినా ఆ ఇంటిని అందరూ గాజులోళ్ల ఇల్లనే పిలిచేవారు.

రెండువేల రెండు, ఆషాఢం. బోనాల రోజులు కావడంతో గిరాకీ మంచిగా ఉంది. శామీర్‌పేట బస్సుస్టాపులో దిగుతుంటే తడిసిన మెట్టు మీద సిద్దమ్మ కాలు జారింది. మలారం ముందు పడింది, దాని మీద ఆమె కుడిచెయ్యి పడింది.

ఆ పూట ఆమెకు గుర్తున్నది నొప్పి కాదు, మనుషులు. కండక్టరు బస్సు ఆపించి దిగివచ్చాడు. కాలేజీ పిల్ల ఒకతి తన జడపిన్నుతో అరచేతిలోని గాజుపెంకులు ఒక్కొక్కటే ఏరింది. చాయ హోటలామె కొత్త తువ్వాల చింపి చేతికి చుట్టింది. ఎవరో ఒకాయన చితికినవి వదిలేసి మంచి గాజులన్నీ ఏరి, తన రుమాలులో మూటగట్టి ఆమె ఒడిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆయన పేరేమిటో తెలియదు. దీపం పెట్టినప్పుడు "ఆ రుమాలాయన సల్లగుండాలె" అనుకోవడం మాత్రం అలవాటైంది.

దగ్గర్లోని డాక్టరు కుట్లు వేశాడు. కుట్లు మానాయి, వాపు తీసింది. కానీ ఉంగరం వేలు మాత్రం మిగతా వేళ్లన్నీ ముడుచుకున్నా తాను ముడుచుకోక, బడిపిల్లవాడు హాజరు చెప్పడానికి లేచినట్టు నిటారుగా నిలబడిపోయింది.

సిద్దమ్మకు ఏమీ అర్థం కాలేదు. నొప్పి ఉంటే రోగమనుకోవచ్చు. పుండు ఉంటే మానలేదనుకోవచ్చు. ఏ నొప్పీ లేకుండా, ఎర్రగా కూడా లేకుండా, మాట వినని వేలిని ఏమనుకోవాలి?

"వంచు," అన్నాడు గౌరయ్య.

"వంచుతనే ఉన్న."

"యాడ వంచుతున్నవే? గది కట్టెలెక్క ఉన్నది."

"లోపట వంచుతున్న. బయటికి వస్తలేదు."

గౌరయ్య కాసేపు ఆ వేలును చూసి, "గట్లెట్లయితది?" అన్నాడు. ఈరమ్మ నువ్వులనూనె కాచి వేలికి రాసింది. మల్లన్నకు ముడుపు కట్టింది. పక్కింటామె వేలికి కట్టుకట్టమంది, ఎదురింటామె కట్టొద్దు, కదిలించమంది. ఇద్దరూ మంచికే చెప్పారు కాబట్టి సిద్దమ్మ పొద్దున కట్టుకట్టి, మాపటికి కదిలించింది.

అయినా కడుపు ఊరుకోదు కదా. మలారం ఎడమభుజానికి మార్చుకొని గుండ్లపోచంపల్లి కాలనీకి పోయింది. అక్కడ అమ్మాజీ అనే కోస్తా ఆమె ఉండేది. కొడుకు ఉద్యోగం కోసం ఈ పక్కకు వచ్చి ఇల్లు కట్టుకున్నారు. సిద్దమ్మ వస్తే గాజులు వేసుకున్నా వేసుకోకున్నా మంచినీళ్లు, ఒక అరటిపండు ఇచ్చేది. ఆనాడు ఆమె చేతికి రెండు గాజులు ఎక్కాయి, మూడోది చిట్లింది, నాలుగోదీ చిట్లింది.

అమ్మాజీ తన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. సిద్దమ్మ చెయ్యే పట్టుకొని తిప్పి చూసింది.

"ఇదేంటే సిద్దమ్మా, వేలు ఇలా నిలబడిపోయింది?"

"పడ్డనమ్మా. మానింది గాని మానలేదు."

"మానింది గాని మానలేదంటే ఏంటి? ఉండు, మా కోడల్ని రానీ."

ఆ కోడలే శ్రీదివ్య. పట్నంలోని ఒక ఆసుపత్రిలో చేతులకు, వేళ్లకు దెబ్బలు తగిలినవాళ్ల చేత తిరిగి పని చేయించే విభాగంలో ఉద్యోగం. వస్తూనే సంచి పక్కన పెట్టి సిద్దమ్మ పక్కన కూర్చుంది. మిగతా వేళ్లను పట్టుకొని ఉంగరం వేలును మాత్రం వంచమంది. వేలు కదల్లేదు.

"అమ్మా, దీన్ని అందరూ నరమంటారు గానీ నరం కాదు. వేలును లాగే తాడు. ఈ వేలికి అలాంటివి రెండుంటాయి. ఒకటి నడిమి కణుపును వంచుతుంది, ఒకటి కొసను వంచుతుంది. మీ గాజుపెంకు రెండింటినీ కోసినట్టుంది. పైన చర్మం అతుక్కుంది, లోపల తాళ్లు తెగే ఉన్నాయి. ఆలస్యం చేయకుండా కుట్టించాలి."

"తాడు తెగితే గాజులన్ని రాలిపోవాలె గదమ్మా? వేలు నిలబడుడేంది?"

శ్రీదివ్య నవ్వింది. వెక్కిరింపు నవ్వు కాదది. "కిందికి లాగే తాడు తెగింది. పైకి లాగేది బాగానే ఉంది. అందుకే నిలబడింది."

ఇంకో వారం తిరిగేసరికి ఆపరేషన్ అయింది. దానికి ముందు జరిగిన ఒక్క సంగతి సిద్దమ్మ ఎవరికీ చెప్పుకోలేక చాలాకాలం మనసులోనే పెట్టుకుంది. కుడిచేతి గాజులు తీయమన్నారు. చెయ్యి ఇంకా బిరుసుగా ఉండడంతో గాజులు రాలేదు. అక్కడి నర్సు, పాపం, "ఏమనుకోకమ్మా" అంటూనే గుడ్డ అడ్డం పెట్టి పటకారుతో చిట్లించింది. మగడు బయట బెంచీ మీద ప్రాణాలతో కూర్చొని ఉండగా ముత్తయిదువ చేతి గాజులు పగలడం సిద్దమ్మ మొదటిసారి చూసింది. అవి తన చేతివే. కళ్లు మూసుకొని ఎల్లమ్మను తలుచుకుంది. ఏమని వేడుకోవాలో మాత్రం తోచలేదు.

తర్వాత శ్రీదివ్య దగ్గరికి పంపారు. ఒక తెల్లటి ప్లాస్టిక్ పలకను వేడినీళ్లలో వేస్తే అది అప్పడంలా మెత్తబడింది. దాన్ని చేతి వెనకవైపు, వేళ్ల కొసల నుంచి మోచేతి దగ్గరి దాకా పరిచి, మణికట్టు కాస్త కిందికి వంగి ఉండేలా అదిమి పట్టుకుంది. చల్లారేసరికి అది గట్టిపడి దొప్పలా తయారైంది. దానికి పట్టీలు కట్టింది. ఆ మీదట ఉంగరం వేలి గోరుకు రవికె హుక్కు ఒకటి జిగురుతో అంటించింది.

"ఏందమ్మా, రవికెకు పెట్టేది గోరుకు పెడుతున్నవు?"

"చూడండి మరి." ఆ హుక్కుకు రబ్బరు తగిలించి, దాని రెండో కొసను మణికట్టు దగ్గరి పట్టీకి పిన్నీసుతో గుచ్చింది. రబ్బరు లాగడంతో ఉంగరం వేలు దానంతటదే అరచేతిలోకి ఒదిగింది. ఇన్నాళ్లకు ఆ వేలు వంగడం చూసి సిద్దమ్మకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఇప్పుడు జాగ్రత్తగా వినండి సిద్దమ్మగారూ. వేలును పైకి, ఈ దొప్పకు తగిలేదాకా చాపడం మీ పని. కిందికి వంచడం రబ్బరు పని. మీరు వంచకూడదు."

"నేను వంచొద్దా? వంచరాకనే గదమ్మా మీ దగ్గరికొచ్చింది!"

"అవును. అందుకే వంచకూడదు."

సిద్దమ్మ గౌరయ్య వైపు చూసింది. గౌరయ్య పైకప్పు వైపు చూశాడు.

శ్రీదివ్య ఓపికగా మళ్లీ చెప్పింది. లోపలి తాడుకు వేసిన ముడి ఇంకా పచ్చిది. సొంత బలంతో లాగితే ఊడుతుంది. అసలే కదిలించకపోతే చుట్టుపక్కల కండకు అతుక్కుపోతుంది. అందుకని తాడు కదలాలి గాని లాగకూడదు. దొప్ప తీయకూడదు, స్నానానికి కూడా తీయకూడదు. సిద్దమ్మ అన్నింటికీ తలూపింది. బస్సెక్కేసరికి అందులో సగం కలగాపులగమైంది. కదలాలి, లాగొద్దు. చాపాలి, వంచొద్దు. వంగుతుంది, కానీ వంచేది తాను కాదు.

"ఏమయ్యా, ఈ వేలు ఇప్పుడు మంచిగైనట్టా, కానట్టా?" అని అడిగింది.

"అయినట్టే కనవడ్తాంది," అన్నాడు గౌరయ్య. "రబ్బరుకైతే మంచిగైంది."

ఆ రోజుల్లో ఇల్లు కాస్త తలకిందులైంది. ఈరమ్మ అన్నం కలిపి పెట్టేది. గౌరయ్య డ్యూటీ నుంచి వచ్చి భార్యకు జడ వేసేవాడు. ఎద్దుకు పగ్గం పేనినట్టు బిగించి వేస్తే, "జర మెల్లగ, నన్ను బండికి కడ్తవా ఏంది?" అనేది సిద్దమ్మ. "కట్టినా నువ్వు గుంజవు, రబ్బరు గుంజాలె," అనేవాడు. చూడవచ్చినవాళ్లందరూ ఆ రబ్బరు పని చూసి ముచ్చటపడేవారు. పైకి చాపి వదిలితే టప్పున ముడుచుకునే వేలును చూసి పిల్లలు మళ్లీ మళ్లీ చేయించుకునేవారు. సిద్దమ్మకు లోపల ఒకటే సిగ్గు. రబ్బరు చేసిన పనికి తనను మెచ్చుకుంటున్నారు కదా అని.

ఈరమ్మకు మాత్రం వేలి మీద ధ్యాస లేదు. ఆమె కళ్లెప్పుడూ ఆ మణికట్టు మీదే. ఎడమచేతికి గాజులున్నాయి. కుడిచేతికి దొప్ప, పట్టీలు తప్ప ఏమీ లేవు. దొప్ప పైన మోచేతి దగ్గర పసుపుదారం కట్టింది. రెండు రోజులయ్యాక దాన్ని చూసి పెదవి విరిచింది. "దారం దారమే. గాజు గాజే."

"దొప్ప తీయొద్దన్నరు అత్తమ్మ."

"నేను తీయమన్ననా?" అని ఈరమ్మ వాకిట్లోకి పోయింది.

శ్రావణం వచ్చింది. ఒకనాడు గోదాము నుంచి సైకిలు మీద వస్తున్న గౌరయ్యను లారీ ఒకటి రాసుకుపోయింది. గుంతలో పడ్డాడు. మోకాలు గీరుకుపోయింది, సైకిలు చక్రం వంకరపోయింది, దేవుడి దయవల్ల అంతకు మించి ఏమీ కాలేదు. ఈరమ్మ కొడుకు మోకాలు కడిగి పసుపు పెట్టింది. ఆ తర్వాత తలెత్తి కోడలి కుడిచెయ్యి వైపు చూసింది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే సిద్దమ్మ ఏదో బదులు చెప్పేదేమో.

గౌరయ్యకు ఆ చూపు అర్థమైంది. "అవ్వా, లారోనికి కండ్లు లేకపోతే గాజులేం జేస్తయే?" అన్నాడు. ఈరమ్మ మూతి ముడుచుకుంది. ఆయన మాట నిజమేనని సిద్దమ్మకు తెలుసు. కాని అత్త చేతులు బోడిపోయిన తర్వాత గాజులు తొడగమని ఆమెను ఎవరూ పిలవకపోవడం కూడా ఆమె కళ్లారా చూసిన నిజమే. రెండు నిజాల్లో దేన్ని పట్టుకోవాలి?

శుక్రవారం పొద్దున ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి, దీపం పెట్టి, ఎల్లమ్మ పటం ముందు కూర్చుంది. హుక్కు నుంచి రబ్బరు తప్పించింది. పట్టీలు విప్పి దొప్ప పక్కన పెట్టింది. ఎంతోమందికి గాజులు తొడిగిన మనిషి తన చేతికి తానే, అదీ ఎడమచేత్తో, తొడుక్కోవలసి వచ్చింది. పచ్చగాజు ఒకటి ఎక్కింది. రెండోది ఎక్కింది. మూడోది ఎముక దగ్గర ఆగింది. గాజు ఆగితే ఉంగరం వేలు ముందుకు రావాలన్నది ఏళ్లనాటి అలవాటు. ఆమె రమ్మనలేదు, అయినా వేలు దానంతటదే లోపలికి గుంజుకుంది.

టిక్కుమని చప్పుడైంది. చూస్తే గాజు చిట్లి ఉంది.

చప్పుడైతే ఒక్కటే వినబడింది. అది గాజుదేనా? గాజు చిట్లితే చెవికి తెలుస్తుంది, ఆ చప్పుడు ఆమెకు కొత్త కాదు. ఇది చెవితో పాటు అరచేతిలో కూడా వినబడినట్టుంది. నొప్పి పెద్దగా లేదు. గబగబా పెంకులు ఏరేసి, రెండు పచ్చగాజుల మీదుగానే దొప్ప కట్టి, రబ్బరు తగిలించింది. వేలు చాపింది, వదిలింది. టప్పున ముడుచుకుంది. మళ్లీ చాపింది, మళ్లీ ముడుచుకుంది.

'గాజే,' అనుకుంది. మరుక్షణమే, 'వంచేది రబ్బరాయె. తాడు తెగినా వంగుతది, తెగకున్నా వంగుతది,' అని తోచింది.

ఈరమ్మ వచ్చి ఆ పచ్చగాజులు చూసింది. ఆ పూట కోడలికి పెరుగన్నంలో మామిడికాయ తొక్కు రెండింతలు పెట్టింది.

మళ్లీ శ్రీదివ్యను చూడవలసిన రోజు వచ్చింది. ఆనాడు అక్కడ జనం బాగా ఉన్నారు. ఫ్యాక్టరీ మిషన్లో చెయ్యి పడినవాళ్లు, పటాకులు పేలి వేళ్లు కాలినవాళ్లు. శ్రీదివ్య చెమట తుడుచుకుంటూ ఒకరి తర్వాత ఒకరిని చూస్తోంది. సిద్దమ్మ చెయ్యి పట్టుకుంటూనే, "అబ్బ, పచ్చగాజులు! బాగున్నాయండీ. ఎలా వేసుకున్నారు?" అంది.

"అట్లనే ఏసుకున్న," అంది సిద్దమ్మ.

శ్రీదివ్య మరీ తరచి అడగలేదు. వేలు చాపమంది, వదలమంది. రబ్బరు తన పని తాను చేసింది. "బానే ఉంది. ఇలాగే చేస్తుండండి," అని వీపు తట్టి తర్వాతివాళ్లను పిలిచింది.

సిద్దమ్మ బయటికి వచ్చింది. గేటు దాకా నడిచింది. బానే ఉందని ఆమే చెప్పింది కదా, ఇంక భయమెందుకు అనుకుంది. కాని ఆ మాట అన్నది వేలిని చూసా, రబ్బరును చూసా? గౌరయ్య చాయ తెస్తానంటే వద్దంది. "జర ఉండయ్యా," అని వెనక్కి తిరిగి, వరుసలో అందరికంటే చివర నిలబడింది.

"మళ్లీ వచ్చారేంటమ్మా?"

"డాక్టరమ్మా, నేను దొప్ప తీసిన. గాజులేసుకునేటందుకు తీసిన. వేలు గుంజింది. టిక్కుమన్నది. గాజు చిట్లిందో, నీ తాడు చిట్లిందో నాకు తెలుస్తలేదు. నీకు సెప్పకుండ పోతే అమ్మోరు ఊకోదని మల్ల వచ్చిన."

శ్రీదివ్య చేతిలోని పని ఆపేసింది. తిడుతుందనుకుంది సిద్దమ్మ. ఒకవేళ తిట్టి ఉంటే అది తప్పో కాదో తేలిపోయేది. శ్రీదివ్య తిట్టలేదు. స్టూలు దగ్గరికి లాక్కొని, సిద్దమ్మ చెయ్యి తన ఒళ్లో పెట్టుకొని, రబ్బరు తప్పించింది.

"మెల్లగా... చాలా మెల్లగా... ఈ నడిమి కణుపు వంచండి. పువ్వు పట్టుకున్నట్టు."

నడిమి కణుపు కొద్దిగా వంగింది. రబ్బరు లేదు, అయినా వంగింది.

"ఇప్పుడు కొస."

సిద్దమ్మ లోపలినుంచి వంచింది. కొస కదల్లేదు.

పెద్ద డాక్టరు వచ్చి చూశాడు. కొసను లాగే తాడు పట్టు విడిచినట్టుందన్నాడు. నడిమి కణుపు తాడు బతికే ఉందన్నాడు. మళ్లీ కోస్తే ఈ బతికిన తాడుకు కూడా ఎసరు రావచ్చు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే మేలన్నాడు.

"సారూ, నేను గాజులేసుకున్నందుకే తెగిందా?"

"అయ్యుండొచ్చమ్మా. అసలు మొదటే సరిగా అతుక్కోకపోయి ఉండొచ్చు. చెప్పలేం."

"సెప్పలేమంటే ఎట్ల సారూ? తప్పు నాదో కాదో నాకు తెలవాలె గద."

ఆయన మంచివాడే. "నాకు కూడా తెలియదమ్మా," అని వెళ్లాడు. శ్రీదివ్య తన డబ్బాలోంచి ఒక ఇడ్లీ తీసి, ఎడమచేతికి ఇచ్చి తినమంది. ఎందుకో తెలియదు గాని సిద్దమ్మ తినేసింది. పచ్చగాజులు తీయమని ఆ పిల్ల అనలేదు. "ఇవి ఉండనివ్వండి. దొప్ప మాత్రం ఇంక తీయొద్దు," అని పట్టీని గాజులకు కాస్త ఎడంగా జరిపి కట్టింది.

కొన్ని వారాలకు రబ్బరు పోయింది, హుక్కు ఊడింది. పడుకునేటప్పుడు తప్ప దొప్ప కూడా పోయింది. ఇప్పుడు శ్రీదివ్య, "పని చేయండి. పిండి పిసకండి, బట్ట పిండండి. కదిలించకపోతే బిగుసుకుపోతుంది," అనసాగింది.

"నిన్నటిదాక వంచొద్దంటివి. ఇయ్యాల కదిలియ్యకుంటే ఖరాబైతదంటవు. ఏ మాట పట్టుకోవాలె బిడ్డా?"

"అప్పటి మాట అప్పటిది, ఇప్పటి మాట ఇప్పటిది. మీకు అలవాటైన పని ఏదుంటే అదే చేయండి."

అలవాటైన పని గాజులు తొడగడం. కాని ఎవరి చేతికి? గిరాకీల చేతుల మీద నేర్చుకుంటూ గాజులు చిట్లిస్తే వాళ్లకు అపశకునం, తనకు చెడ్డపేరు. గౌరయ్య తన చెయ్యి చాపాడు. "నాకెయ్యి. ఎవ్వలన్న అడిగితే మొక్కున్నదని సెప్త." పెద్ద సైజు గాజులు తెచ్చినా ఆ చేతికి కణుపులు దాటి ఎక్కలేదు. రెండు చిట్లి, వేలు గీరుకుపోయేసరికి ఆయన, "నాకు మొక్కు తీరింది తియ్," అని లేచిపోయాడు. సిద్దమ్మ నవ్వింది. నవ్వాక వేలు చూసుకొని ఊరుకుంది. అది వంగుతోంది, కాని సగమే. అదుముతోందో లేదో ఆమెకు తెలియడం లేదు. దెబ్బ తగిలిన నాటినుంచీ ఆ వేలు కొస నుంచి నడిమి కణుపు దాకా మొద్దుబారే ఉంది. ముట్టుకున్నది చెయ్యో చెక్కో దానికి పట్టదు.

ఇదంతా వాకిట్లో కూర్చున్న ఈరమ్మ చూసింది. గౌరయ్య డ్యూటీకి పోయాక లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. కోడలి ఎదురుగా చాప మీద కూర్చొని, కుడిచెయ్యి చాపింది.

"ఎయ్యి."

"అత్తమ్మా! గదెట్ల? తప్పు గాదా?"

"తప్పో ఒప్పో నాకెరుక లేదు. గా దొప్ప తీపిచ్చిన పాపం నాదే. నేను నోరు తెర్వలే గాని సూపుతోని తీపిచ్చిన. ఇగ నాకే ఎయ్యి. చిట్లితే చిట్లనియ్. నాకైతే కొత్తగ పొయ్యేదేమున్నది?"

"మల్లన్న ఏమంటడో..."

"నేను ఆయనకు సెప్పుకుంట. ముందు నువ్వు ఎయ్యి."

సిద్దమ్మ మలారం దగ్గరికి లాక్కుంది. ఆ చేతిని పట్టుకుంది. ముడతలు పడిన సన్నని చెయ్యి, ఎముకలన్నీ పైకి తెలుస్తున్నాయి. మొదటి గాజు ఆగింది, చిట్లింది. ఈరమ్మ కదల్లేదు. కళ్లు మూసుకొని, చెయ్యి వదిలేసి, ఏదో వింటున్నట్టు కూర్చుంది.

"నీ ఉంగరం వేలు యాడున్నదే? నాకు తగుల్తలేదు."

"అదుముతున్న అత్తమ్మా."

"అదుముతలేవు. కొస పనిచెయ్యదు గదా, కొసతోని ఎందుకు? నడిమి కణుపు తోని రా. జర కిందికి... ఇంక కిందికి..."

సిద్దమ్మ వేలును మడిచి, నడిమి కణుపును ఆ ఎముక కింద పెట్టింది. తన వేలికి ఏమీ తెలియలేదు. అత్త ముఖం చూస్తూ అదిమింది.

"ఆఁ. తగిలింది," అంది ఈరమ్మ కళ్లు తెరవకుండానే. "ఇగో, ఇప్పుడు నూకు."

గాజు జారింది. ఎముక దాటి, మణికట్టు మీదికి వచ్చి ఆగింది. సిద్దమ్మ నమ్మలేక ఇంకొకటి తీసింది. అదీ జారింది. ఇంకొకటి. ఈసారి అత్త చెప్పకముందే కణుపు దాని చోటికి పోయింది. "తగిలిందా?" అని అడిగితే, "తగిలింది, తగిలింది. అడగకు, ఎయ్యి," అని కసిరింది ముసలామె.

చేతి నిండా వేశాక సిద్దమ్మ ఆగింది. ఎర్రటి, పచ్చటి గాజులు ఆ ముడతల చేతి మీద మెరుస్తున్నాయి. తాను చేసింది పుణ్యమా, పాపమా, లేక డాక్టరమ్మ చెప్పిన వ్యాయామమా, సిద్దమ్మకు తెలియలేదు. ఎల్లమ్మ పటం వైపు చూడడానికి ధైర్యం చాలలేదు.

"తియ్యాల్నా అత్తమ్మా?"

ఈరమ్మ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "జర సేపు ఉండనియ్. తలుపు ఏసే ఉన్నది గద."

సిద్దమ్మ వంటింట్లోకి పోయి పొయ్యి వెలిగించింది. మరునాడు మలారం తీసుకొని మేడ్చల్ పోవాలి, అమ్మాజీ కాలనీకి కూడా పోవాలి. కణుపుతో అదిమే కొత్త పద్ధతికి గాజుల్లో సైజులు మార్చుకోవలసి వస్తుందేమో చూడాలి. అలా అనుకుంటూ ఎసరు పెడుతుంటే, ముందు గదిలో ఈరమ్మ బియ్యం చెరుగుతున్న చప్పుడు వినబడింది. చేట ఎగరేసినప్పుడల్లా గాజులు గలగలమన్నాయి. ఎసరు పొంగేదాకా సిద్దమ్మ అక్కడే నిలబడి ఆ చప్పుడు విన్నది.